బిగుసుకున్న హెర్నియా: రక్తం తిరిగొచ్చాక పేగులో ఏం జరుగుతుంది?

ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా, 61 రోజులు, మా తీరంలో మరబోట్లకు వేట నిషేధం. ఆ గడువు తీరిన మర్నాడే ఒడ్డున ఉన్న బోట్లన్నీ సముద్రంలోకి దిగుతాయి. శ్రీకాకుళం జిల్లా మత్స్యకార గ్రామాల్లో బోటును ఇసుక మీంచి పదిమంది కలిసి తోయడమే ఇప్పటికీ పద్ధతి. రెండు నెలలు బరువు పని లేని ఒళ్లు ఒక్కసారిగా బలమంతా పెడుతుంది. నేను శ్రీకాకుళంలో జనరల్ సర్జన్‌ని. ఏటా ఆ వారంలో గజ్జల్లో హెర్నియా (పొట్ట గోడ సందులోంచి బయటికి జారిన పేగు) బిగుసుకుపోయి ఎవరో ఒకరు వస్తారేమోనని ఎదురుచూస్తూనే ఉంటాను.

ఒక ఏడాది అలా వచ్చినాయనకు 58 ఏళ్లు. తీరం ఊరు, మాకు గంటన్నర దూరం. ఎవరో గుర్తుపట్టకుండా ఒకటి రెండు వివరాలు మార్చాను, వైద్యానికి సంబంధించినవి మాత్రం ఉన్నవి ఉన్నట్టే రాస్తున్నాను.

కుడి గజ్జల్లో వాపు ఆరేళ్లుగా ఉంది. ‘బుడ్డ’ అనుకుని వదిలేశారు. మా తీరంలో బుడ్డ తెచ్చే బోదకాలు పాత జబ్బు కాబట్టి అక్కడ ఏ వాపు కనిపించినా బుడ్డే అనుకుంటారు. తేడా కనిపెట్టడం నిజానికి కష్టం కాదు. పడుకుంటే లోపలికి పోయి, దగ్గితే బయటికి వచ్చేది హెర్నియా. బుడ్డ అలా పోయి రాదు. ఈయనది పడుకుంటే పోయేది. ఆ రోజు తెల్లవారుజామున నాలుగింటికి బోటు తోస్తుండగా బయటికి వచ్చింది, ఇక పోలేదు.

ఊళ్లో ఒకరు నొప్పికి ఇంజెక్షన్ చేసి, వాపును చేత్తో నొక్కి లోపలికి తోయాలని చూశారు. ఆ పని ఎవరూ చేయవద్దు. పేగు మెడను బిగించిన వలయంతో సహా మొత్తం ఉండ లోపలికి పోతే వాపు తగ్గినట్టే కనిపిస్తుంది, పేగు మాత్రం లోపల కుళ్లుతూనే ఉంటుంది. అదృష్టం బాగుండి ఇక్కడ పోలేదు. వాంతులు మొదలయ్యాక 108కి ఫోన్ చేశారు. మా దగ్గరికి వచ్చేసరికి తొమ్మిదిన్నర.

నాడి 118, బీపీ 100/60. గజ్జల్లో కమలాపండంత గడ్డ, వేలు ఆనిస్తేనే విలవిల్లాడుతున్నాడు. దగ్గమంటే గడ్డలో కదలిక లేదు. పొట్ట కాస్త ఉబ్బింది. తెల్లకణాలు 14,800, లాక్టేట్ (ఆక్సిజన్ అందనప్పుడు రక్తంలో పెరిగేది) 3.4, క్రియాటినిన్ 1.3. స్కానింగ్ కోసం ఆగలేదు. ముక్కులోంచి ట్యూబు వేసి పొట్ట ఖాళీ చేశాం, మూత్రానికి గొట్టం వేశాం, రింగర్ లాక్టేట్ సెలైన్ వేగంగా ఎక్కించాం, యాంటీబయాటిక్ ఇచ్చాం. ఆయన భార్య థియేటర్ తలుపు దగ్గర నా చేయి పట్టుకుని అడిగింది.

“బాబూ, పేగు కోసేత్తారేటి?”

“చూస్తే గానీ చెప్పలేనమ్మా. బతికుంటే ఉంచుతాను.”

ఆ ‘బతికుంటే’ అన్న మాట గురించే ఈ కేసు రాస్తున్నాను.

పదకొండింటికి కోత పెట్టాను. ఇలాంటి కేసుల్లో ఒక జాగ్రత్త ఉంది. మత్తులో కండరాలు వదులైనప్పుడు పేగు దానంతటదే లోపలికి జారిపోవచ్చు. అప్పుడది ఎలా ఉందో చూసే అవకాశమే పోతుంది. అందుకే ముందు పేగు చుట్టూ ఉన్న హెర్నియా పొర సంచి విప్పి, పేగును చేత్తో పట్టుకుని, ఆ తర్వాతే బిగించిన వలయాన్ని కోస్తాను. సంచిలో రెండు మూడు చెంచాల ముదురు ఎర్రటి నీరు ఉంది, వాసన లేదు. లోపల సుమారు 18 సెంటీమీటర్ల చిన్న పేగు చుట్ట. నేరేడు పండు రంగు. మెరుపు పోయి, తడిసిన అట్టలా మందంగా ఉంది. వలయం బిగిసిన రెండు చోట్లా చుట్టూ తెల్లటి గాడి పడింది.

వలయం కోశాను. గోరువెచ్చటి సెలైన్‌లో తడిపి పిండిన గుడ్డ, అంటే మాప్‌ను పేగు చుట్టూ కప్పాను. నూటికి నూరు శాతం ఆక్సిజన్ ఇవ్వమని మత్తు డాక్టర్‌కి చెప్పాను. గోడ గడియారంలో 11:22. సిస్టర్‌ను టైం రాయమన్నాను.

ఆ టైం రాయించడం వెనక ఒక కథ ఉంది. పీజీ చదివే రోజుల్లో ఒక రాత్రి ఇలాంటి పేగునే విప్పాను. ఐదు నిమిషాలకే గులాబీ రంగు వచ్చింది. సంతోషంగా లోపల పెట్టి కుట్టేశాను. నాలుగో రోజు అక్కడే చిల్లు పడింది. మళ్లీ పొట్ట తెరవాల్సి వచ్చింది. ఆ మనిషి మూడు నెలలు మలం కోసం పొట్ట మీద తగిలించిన సంచితో తిరిగాడు. బతికాడు, కానీ ఆ మూడు నెలలూ ఆయనకు నా తొందర వల్లే వచ్చాయి. రంగు తిరిగొచ్చిన పేగు ఎందుకు చచ్చింది? ఆ ప్రశ్నే నన్ను పేగు కణాల జీవశాస్త్రం వైపు తీసుకెళ్లింది.

మనం బయటి నుంచి చూసేది పేగు పైపొరని. దెబ్బ తినేది లోపలి పొర. పేగు లోపలి గోడ మీద వెల్వెట్ నూగులా సన్నటి మొలకలు ఉంటాయి, వాటిని విల్లై అంటాం. ఒక్కో మొలకలోకి రక్తం మధ్యలోంచి పైకెక్కి, పక్కల నుంచి కిందికి దిగుతుంది. పైకెళ్లే రక్తంలోని ఆక్సిజన్ కొంత దారిలోనే పక్కనున్న సిరలోకి జారిపోతుంది. అందువల్ల మామూలు రోజుల్లో కూడా మొలక కొసకు ఆక్సిజన్ అంతంతమాత్రమే. చివరి పొలానికి కాలవ నీళ్లు అందనట్టు. రక్తం ఆగితే ముందు రాలేది ఆ కొసే. మొలకల అడుగున గుంటల్లో మూలకణాలు ఉంటాయి, అవి కాస్త ఎక్కువ సేపు తట్టుకుంటాయి. అవి మిగిలితే పైపొర మళ్లీ పుడుతుంది. పేగు లోపలి పొర ఎలాగూ నాలుగైదు రోజులకోసారి కొత్తదవుతూనే ఉంటుంది.

రెండో విషయం నన్ను ఎక్కువగా కదిలించింది. 1986లో పార్క్స్, గ్రేంజర్ అనే శాస్త్రవేత్తలు పిల్లుల పేగు మీద చేసిన ప్రయోగం ఫలితాలు ప్రచురించారు. నాలుగు గంటలు రక్తం ఆపిన పేగు కన్నా, మూడు గంటలు ఆపి ఒక గంట రక్తం వదిలిన పేగులో లోపలి పొర ఎక్కువ చెడింది. అంటే రక్తం రావడం కూడా ఒక దెబ్బే. రక్తం లేనప్పుడు కణంలో శక్తినిచ్చే ఏటీపీ విరిగి హైపోజాంథీన్‌గా పేరుకుపోతుంది. కణానికి శక్తి తయారుచేసే మైటోకాండ్రియాలో సక్సినేట్ అనే పదార్థం పోగవుతుంది. ఆక్సిజన్ తిరిగొచ్చిన క్షణంలో ఈ రెండిటి వల్లా సూపర్ ఆక్సైడ్, దాన్నుంచి హైడ్రోజన్ పెరాక్సైడ్ ఒక్కసారిగా పుడతాయి. ఆక్సిడేటివ్ స్ట్రెస్ అంటే ఇదే. కణం గోడలోని కొవ్వు, ప్రొటీన్లు, డీఎన్‌ఏ, ఏది ముందు దొరికితే దాన్ని ఇవి కాలుస్తాయి.

అయితే ప్రతి పేగూ చావదు. ఎందుకంటే ఆ కాలడాన్ని పసిగట్టి కబురందించే ప్రొటీన్లు కణంలో సిద్ధంగా ఉంటాయి. వాటిలో మూడిటి గురించి చెప్తాను.

మొదటిది ఎన్‌ఆర్‌ఎఫ్2. మామూలుగా కీప్1 అనే ప్రొటీన్ దీన్ని పట్టుకుని ఉంటుంది. పట్టుకోవడమే కాదు, ఎప్పటికప్పుడు ముక్కలు చేయడానికి పంపుతుంటుంది. కణం ఎన్‌ఆర్‌ఎఫ్2ను తయారు చేస్తూనే ఉంటుంది, నిమిషాల్లో పారేస్తూనే ఉంటుంది. వృథాలా కనిపించే ఈ ఏర్పాటు వల్లే అవసరం వచ్చినప్పుడు ఆలస్యం ఉండదు. కీప్1 ఒంటి మీద సిస్టీన్లనే గంధకం ఉన్న చోట్లు ఉన్నాయి. పెరాక్సైడ్ లాంటివి వాటిని తాకగానే కీప్1 ఆకారం మారి, పారేసే పని ఆగిపోతుంది. కొత్తగా తయారైన ఎన్‌ఆర్‌ఎఫ్2 కేంద్రకంలోకి వెళ్లి, పెరాక్సైడ్ లాంటివాటి నుంచి కణాన్ని కాపాడే గ్లూటాథయోన్‌ను, హీమ్ ఆక్సిజినేజ్‌ను తయారుచేసే జన్యువులను లేపుతుంది.

రెండోది పీకేడీ1, అంటే ప్రొటీన్ కైనేజ్ డీ1. ఇది మైటోకాండ్రియా నుంచి కేంద్రకానికి కబురు మోసేది. మైటోకాండ్రియాలో రాడికల్స్ (సూపర్ ఆక్సైడ్ లాంటి కాల్చే అణువులు) పెరిగితే పీకేడీ1 మేల్కొని ఎన్‌ఎఫ్-కప్పా బీ అనే మరో ప్రొటీన్‌ను కదిలిస్తుంది. అది కేంద్రకంలోకి వెళ్లి మాంగనీస్ ఎస్‌ఓడీ అనే, సూపర్ ఆక్సైడ్‌ను చల్లార్చే ఎంజైమ్ తయారీని పెంచుతుంది. ఆ ఎంజైమ్ పనిచేసేది మళ్లీ మైటోకాండ్రియాలోనే. నిప్పు ఎక్కడ పుట్టిందో నీళ్లు అక్కడికే చేరతాయి. ఎలుక పేగు కణాలను పెరాక్సైడ్‌లో ఉంచి చూసిన ప్రయోగాల్లో కూడా పీకేడీ కణాల చావును తగ్గించింది.

మూడోది ఆ ఎన్‌ఎఫ్-కప్పా బీనే. మనం చదువుకున్నప్పుడు దాన్ని వాపు పుట్టించే విలన్‌గానే చెప్పారు. 2003లో వచ్చిన ఒక పరిశోధన ఆ అభిప్రాయాన్ని మార్చింది. పేగు పొర కణాల్లో దీన్ని లేపే దారిని మూసేసిన చిట్టెలుకల్లో, పేగుకు రక్తం ఆపి వదిలినప్పుడు ఒళ్లంతా పాకే వాపు తగ్గింది. కానీ పేగు లోపలి పొర మాత్రం ఘోరంగా రాలిపోయింది. మిగతా ఒంటికి శత్రువైనది పేగు కణానికి కాపలాదారు. ఆ వాపును ఆపేస్తే చాలు అనుకునే మందులన్నీ ఈ చోట ఎందుకు తడబడతాయో నాకు అప్పుడు అర్థమైంది.

మళ్లీ థియేటర్‌లోకి. 11:32కి మాప్ తీశాను. నేరేడు రంగు పోయి మబ్బు ఎరుపు వచ్చింది. అక్కడక్కడా నల్ల మచ్చలు. పీజీ రోజుల్లో అయితే ఇక్కడే ఆగిపోయేవాణ్ని. మళ్లీ వెచ్చటి మాప్ కప్పాను. థియేటర్‌లో ఎవరూ మాట్లాడలేదు, మానిటర్ చప్పుడు ఒక్కటే. మత్తు డాక్టర్ బీపీ 112కి వచ్చిందన్నారు. అది నాకు పేగు రంగు కన్నా పెద్ద వార్త. బీపీ పడిపోయి ఉంటే పేగును చూసి ఏ తీర్పు ఇచ్చినా తప్పే.

11:44కి మళ్లీ చూశాను. పేగును పట్టి ఉంచే పొరలో, అంచుకు అర సెంటీమీటరు దూరంలో, సన్నటి ధమని నా చూపుడు వేలి కింద కొట్టుకుంటోంది. పేగును వేలితో మెల్లగా తట్టాను. ఒక క్షణం ఏమీ లేదు. తర్వాత ఎగువ నుంచి ఒక అల వచ్చింది. గాడి దగ్గర తడబడి, దాటి, మబ్బు ఎరుపు భాగమంతా పాకి అవతలికి వెళ్లింది. మెరుపు తిరిగొచ్చింది. ఎగువ గాడిలో మాత్రం ఒక సెంటీమీటరు మేర బూడిద రంగు అలాగే ఉంది, అక్కడ అల కాస్త ఆగింది. ఆ చోటును లోపలికి మడిచి పైపొర కుట్లు వేశాను. మిగతాదంతా ఉంచాను. హెర్నియా సందును మూయడానికి వాడే వల లాంటి జాలీ పెట్టలేదు. పేగు ఇలా నలిగిన చోట ఇన్ఫెక్షన్ భయం ఉంటుంది కాబట్టి సొంత కండరాలనే దగ్గరికి తెచ్చి కుట్టాను.

ఇరవై రెండు నిమిషాల్లో నేను చూసింది రక్తప్రసరణను మాత్రమే. ఎన్‌ఆర్‌ఎఫ్2 లేపిన జన్యువుల నుంచి ఎంజైములు తయారవడానికి గంటలు పడుతుంది. తొలి నిమిషాల్లో కణం తన దగ్గర ముందే ఉన్న గ్లూటాథయోన్‌తోనే నెట్టుకురావాలి. అంటే అసలు పని ఐసీయూలో, ఆ రాత్రి జరుగుతుంది. అందుకే నా ఆర్డర్లు చిన్నవే అయినా గట్టిగా రాశాను. బీపీ ఒక్కసారి కూడా పడకూడదు. మూత్రం గంటకు 30 మిల్లీలీటర్ల కన్నా తగ్గితే రాత్రి ఎన్నింటికైనా నాకు ఫోన్ చేయాలి. మళ్లీ రక్తం తగ్గితే అది రెండో దెబ్బ, అప్పటికి కణం చేతిలో మిగిలిందేమీ ఉండదు.

ఇంకొకటి, డైక్లోఫెనాక్ వద్దు. మన వార్డుల్లో ఆపరేషన్ అయిన ప్రతి మనిషికీ అలవాటుగా పడే ఇంజెక్షన్ అది. పేగు కణాల మైటోకాండ్రియాను అది నేరుగా దెబ్బతీస్తుంది. ఆరోగ్యంగా ఉన్న 40 మందికి రెండు వారాలు డైక్లోఫెనాక్, దాంతోపాటు గ్యాస్ మాత్ర ఇచ్చి, క్యాప్సూల్ కెమెరాతో చూస్తే 27 మంది చిన్న పేగులో కొత్తగా ఏదో ఒక దెబ్బ కనిపించింది. 2005లో వచ్చిన ఫలితమది. గ్యాస్ మాత్ర కాపాడేది పొట్టనే, చిన్న పేగును కాదు. కోలుకుంటున్న పేగుకు ఆ పరీక్ష ఎందుకు? పారాసిటమాల్, గజ్జల్లో నరాలకు మత్తు, కొద్దిగా ట్రమడాల్‌తో నొప్పి గడిచిపోయింది.

మర్నాడు ఉదయానికి లాక్టేట్ 1.6. రెండో రోజు పొట్టలో కదలిక శబ్దాలు వినిపించాయి. మూడో రోజు తెల్లవారుజామున ఐదింటికి సిస్టర్ ఫోన్. విరేచనంలో ముదురు ఎరుపు, జిగురు. నేను వెళ్లేసరికి ఆయన భార్య మంచం పక్కన నేల మీద కూర్చుని ఏడుస్తోంది. “పేగు కుళ్లిపోనాది బాబూ, నాకు తెలుత్తంది” అంది.

నాకూ టెన్షన్ గానే ఉంది. పాత కేసు నాలుగో రోజు చెడింది, ఇది మూడో రోజు. పొట్ట మీద చేయి పెట్టాను. మెత్తగా ఉంది, నొక్కినా నొప్పి లేదు. నాడి 92. జ్వరం లేదు. తెల్లకణాలు 9,600కి దిగాయి. చిల్లు పడిన పొట్ట ఇలా ఉండదు. ఆ ఎరుపు, ఆ జిగురు రాలిపోయిన లోపలి పొర. 2008లో నెదర్లాండ్స్ వైద్యులు ఒక ప్రయోగం చేశారు. క్లోమం ఆపరేషన్‌లో ఎలాగూ తీసేయాల్సిన మనిషి పేగు ముక్కకు అరగంట రక్తం ఆపి, వదిలి, సూక్ష్మదర్శినిలో చూశారు. చెడిన కణాలు పేగు లోపలికి రాలిపోయాయి, పక్కనున్న మంచి కణాలు దగ్గరికి జరిగి ఖాళీని మూసేశాయి. రెండు గంటలకల్లా పొర మళ్లీ కుదురుకుంది. ఇక్కడ రక్తం ఆగింది గంటల తరబడి కాబట్టి రాలిందీ ఎక్కువే, మూసుకోవడానికి రోజులు పడుతుంది. కానీ పని అదే.

సీటీకి పంపడానికి సిద్ధంగా పెట్టుకుని, రెండు గంటలకోసారి నేనే వెళ్లి పొట్ట చూశాను. ఆమెకు మాత్రం ఇలా చెప్పాను: “కాలిన చర్మం పొర ఊడినట్టే అమ్మా. కింద కొత్తది వస్తోంది.” సాయంత్రానికి ఎరుపు తగ్గింది. నాలుగో రోజుకు లేదు. ఆ నాలుగో రోజు రాత్రి ఫోన్ పక్కనే పెట్టుకున్నాను, మోగలేదు.

ఐదో రోజు చోడి (రాగి) అంబలి పల్చగా చేసి పట్టమన్నాను. గంజి నీళ్లు మూడో రోజు నుంచే పడుతున్నాయి. పేగు కణాలు రక్తం ద్వారా వచ్చే ఆహారంతోపాటు, లోపల దారిలో వెళ్లే ఆహారం మీద కూడా బతుకుతాయి. గ్లూటమిన్ అనే అమైనో ఆమ్లం వాటికి ముఖ్యమైన ఇంధనం. గ్లూటాథయోన్ తయారీకి కావలసిన గ్లూటమేట్ కూడా దాన్నుంచి వస్తుంది. పేగుకు విశ్రాంతి అని రోజుల తరబడి నోరు కట్టేయడం ఆ పేగుకే పస్తు.

డిశ్చార్జి రోజు కొడుకు విశాఖ నుంచి వచ్చాడు. చదువుకున్న కుర్రాడు, ఫోన్‌లో చూసి ఒక చీటీ రాసుకొచ్చాడు. యాంటీ ఆక్సిడెంట్ మాత్రలు, విటమిన్ ఇ, ఏదో ఖరీదైన పొడి.

“ఇవన్నీ వేస్తే పేగు తొందరగా బాగవుతుందా సార్?”

అతని ఆత్రం నాకు అర్థమైంది. అతనికి చెప్పిందే ఇక్కడా రాస్తున్నాను. కొంచెం పెరాక్సైడ్ పుట్టబట్టే కీప్1కు కబురు అందింది. ఆ కబురు అందబట్టే కణం తన సొంత ఎంజైములు తయారుచేసుకుంది. ఆ ఎంజైము ఒక్కొక్కటీ సెకనుకు లెక్కలేనన్ని అణువులను చల్లారుస్తుంది, మాత్రలోని విటమిన్ అణువు ఒకసారి పనిచేసి అయిపోతుంది. ఈ పరిస్థితిలో ఆ మాత్రలు పేగును నిలబెడతాయని చూపిన పరిశోధన మా చేతిలో లేదు. “ఆ డబ్బుతో నాన్నకు గుడ్లు, పప్పు, చేపలు పెట్టు” అన్నాను. “చేపలకి డబ్బెందుకు సార్” అని నవ్వాడు. గుడ్డులో, చేపలో గ్లూటాథయోన్‌కు కావలసిన సిస్టీన్ ఉంది. బీడీ మానేయమని తండ్రికి అతని ముందే చెప్పాను, అది మాత్రం ఏ మాత్ర కన్నా పెద్ద పని.

ఈ కేసులో నేను కొలిచినవి లాక్టేట్, నాడి, మూత్రం, రంగు, అల. కణంలోని ప్రొటీన్లను కొలిచే పరికరం మా ఆస్పత్రిలో లేదు. ఆయన పేగులో జరిగింది అదేనని ముక్క తీసి నిరూపించలేను. ప్రయోగశాలల్లో తెలిసిన సంగతులు నేను కళ్లారా చూసినవాటికి సరిపోయాయి, రాత్రి ఆర్డర్లు ఎలా రాయాలో నేర్పాయి.

ఇంటికి పంపేటప్పుడు ఒక హెచ్చరిక చేశాను. ఇలా నలిగిన పేగు మానేటప్పుడు కొన్ని వారాలకు లోపల సన్నబడవచ్చు. తిన్న గంటకు పొట్ట మెలిపెడుతూ నొప్పి వచ్చినా, ఉబ్బినా, వాంతి అయినా వెంటనే రమ్మన్నాను. ఆరు వారాలకు వచ్చాడు, మూడు నెలలకు వచ్చాడు. నొప్పి లేదు, బరువు నాలుగు కిలోలు పెరిగాడు. మూడు నెలలూ బోటు తోయలేదని భార్య సాక్ష్యం చెప్పింది.

ఆ రెండో రాకలో ఎడమ గజ్జల్లో చేయి పెట్టి దగ్గమన్నాను. అక్కడ కూడా చిన్న హెర్నియా తగిలింది, ఇప్పటికి సులువుగా లోపలికి పోతోంది. వేట ఉన్న నెలల్లో ఆపరేషన్‌కి పడుకుంటే ఇల్లు గడవదన్నాడు. వచ్చే వేట నిషేధంలో చేయిద్దామన్నాను. ఏప్రిల్ 18 అని రిజిస్టర్‌లో రాసుకున్నాం. అదే తారీకును ఆమె మందుల చీటీ వెనక రాయించుకుని, కొంగున ముడేసుకుంది.